ప్రణతి డబ్బాలో మా అవ్వ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే అదీ చెప్పలేను. మాది మగ్గాల ఊరు. కడప నుంచి బద్వేలు పోయే దారిలో బస్సు దిగి, ఎండలో కొంత దూరం లోపలికి నడవాలి. మా వీధిలో ఇంటికొక దయ్యం కథ ఉంది. మనిషి లేకుండానే మగ్గం ఆడిందని ఒకరు చెబుతారు, చచ్చిపోయిన మామ వచ్చి నూలు అడిగాడని ఇంకొకరు చెబుతారు. చిన్నప్పుడు నేను మగ్గం గుంత పక్కనే చాప వేసుకొని పడుకునేదాన్ని. నన్ను దోమలు తప్ప ఇంకెవరూ పలకరించలేదు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, కుళ్ళు. యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ చదివినన్నాళ్ళూ నేను దానితోనే కాపురం చేశాను. ఈ సంగతి చెప్పాలంటే దాన్ని దాచిపెట్టి లాభం లేదు. ఆ రోజు నాకు అంత కుళ్ళు లేకపోయి ఉంటే, జరిగినదానికి ఈ రోజు నా దగ్గర సాక్ష్యమే ఉండేది కాదు.

ముందు మా అవ్వ గురించి చెబుతాను. మా నాయన తల్లి. నన్ను పెంచింది ఆమే. అమ్మా నాయనా పొద్దున లేచింది మొదలు మగ్గం గదిలో ఉండేవాళ్ళు. అవ్వ ముందుగదిలో కిటికీ పక్కన మూలలో గోనెపట్ట పరుచుకొని, రాట్నం మీద కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు పుల్ల. అవ్వది ఎడమచేతి వాటం. అందుకని మా తాత ఆ రాట్నాన్ని ఆమె కోసం తిరగేసి బిగించాడంట. దాని మీద ఇంకెవరు కూర్చున్నా చెయ్యి ఆడదు.

అవ్వ ఒక్క నిమిషం కదలకుండా ఉండేది కాదు. మాట్లాడుతూ తిప్పేది, తిడుతూ తిప్పేది, నిద్ర ముంచుకొస్తే ఊగుతూ తిప్పేది. ఆ రాట్నం ఆగేది నేను తినేటప్పుడే. చిన్నప్పుడు నాకు తిండంటే ఒళ్ళు బరువు. వంటింటి గడపలో కూర్చొని, కంచం ముందర పెట్టుకొని, గోడల మీది బల్లుల్ని చూసేదాన్ని. అవ్వ తన మూలలో నుంచే, ఎడమచెయ్యి రాట్నం పిడి మీద అట్లాగే పెట్టి, నా వైపు చూస్తూ ఉండిపోయేది. కసిరేది కాదు, బుజ్జగించేది కాదు. చూపు మాత్రం తిప్పేది కాదు. కంచం ఖాళీ అయ్యాక రాట్నం మళ్ళీ మొదలయ్యేది. నేను ఇంటర్లో చేరిన తర్వాత కూడా ఇదే వరస.

ఆమెకు ఫోటో అంటే గిట్టదు. మా ఇళ్ళల్లో ఫోటో గోడకు ఎక్కిందంటే దాని వెనకే దండ కూడా ఎక్కినట్టు. "ఫోటో తీసేది గోడకెక్కించేదానికే గదా, నాకేం తొందర?" అనేది. పింఛను కోసం ఆధార్ ఫోటో మాత్రం తప్పలేదు. అప్పుడు కూడా తల ఎత్తమంటే ఎత్తలేదు, కళ్ళు గట్టిగా మూసుకుంది. కార్డు మీద వచ్చిన ఆ నల్లటి బొమ్మ నీదే అంటే ఆమే ఒప్పుకోలేదు.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా అవ్వ పోయింది. పెద్దదినానికి ఫోటో కావాలి కాబట్టి నాయన ఆ కార్డే పట్టుకొని టౌనులో స్టూడియోకు పోయాడు. అక్కడ ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. మొహం వరకు కోసి, తెల్లగా చేసి, కళ్ళు తెరిపించి, ఎవరిదో ఒంటికి అతికిస్తారు. మా అవ్వకు పట్టుచీర వచ్చింది, మోచేతుల దాకా రవిక వచ్చింది, మెడలో కాసుల పేరు వచ్చింది, వెనక నీలం తెర వచ్చింది. జన్మంతా నూలు చీర కట్టి, ఒక్కనాడు రవిక తొడగని మనిషి ఆమె. నేసేవాళ్ళ ఇంట్లో, ఎవరు నేశారో కూడా తెలియని చీరలో గోడకెక్కింది.

ఆ ఫ్రేము చూసే నేను ఫోటోగ్రఫీ చదువుతానని మొండికేశాను. ఫోటోలు తీయడానికి కూడా చదువులుంటాయా అని నాయన చాలా రోజులు నవ్వాడు. ఉన్నాయి, కడపలోనే ఉంది అని చూపించి చేరాను. నా మనసులో ఉన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎప్పటికైనా మా ఇంట్లో అవ్వది ఒక నిజమైన ఫోటో ఉండాలి. మనిషి లేకుండా ఎట్లా తీస్తానో నాకూ తెలియదు. కనీసం ఆ మూల, ఆ రాట్నం, ఆ కిటికీ వెలుగు చూస్తే ఆమె గుర్తుకు రావాలి. అప్పుడు ఆ పట్టుచీర ఫ్రేమును దించేసి దాన్ని పెడతాను. నాకు కావలసింది అంతే.

హాస్టల్లో నా గదిలోకి ప్రణతి వచ్చింది. ఓర్వకల్లు దగ్గర పల్లె వాళ్ళది, పొలాలున్న కుటుంబం. ఇప్పుడు కర్నూల్లో వ్యాపారం. ఓర్వకల్లు అని వింటేనే నాకు ఓర్వలేనితనం వచ్చేదని తర్వాత నన్ను నేనే వెక్కిరించుకునేదాన్ని. ఆమె గర్వం ఉన్న పిల్ల అయితే నాకు సుఖంగా ఉండేది. కడుపారా తిట్టుకునేదాన్ని. ఆ అదృష్టం కూడా లేదు. ఊరి నుంచి తెచ్చిన నువ్వుల ఉండలు ముందు నా మంచం మీద పెట్టేది. తన కెమెరా అడగకుండానే చేతికిచ్చేది. నాకు జ్వరమొస్తే నా బట్టలు ఉతికింది. ఇన్ని చేసి, ఫోటోలు కూడా నాకంటే బాగా తీసేది. ఏదో ఒకటైనా పక్కవాళ్ళకు వదిలిపెట్టాలి కదా.

ఒకసారి క్లాసంతా మహానందికి పోయాం. నేను పొద్దుటి నుంచి స్నానాలు చేసేవాళ్ళ దగ్గరే నిలబడి, కెమెరా నిండిపోయేదాకా తీశాను. ప్రణతి గాజుల అంగడి మెట్ల మీద కూర్చొని శనగలు తింటూ ఉంది. బయలుదేరే ముందు లేచి ఒకటి తీసింది. ఇద్దరు ఆడవాళ్ళు తడిచీరను చెరో కొసా పట్టుకొని గాలికి ఆరబెడుతున్నారు. చీర పొంగి ఇద్దరి మొహాల్నీ కప్పేసింది. మా సార్ ఆ ఒక్క ఫోటోను గోడ మీద వేసి చాలాసేపు మాట్లాడాడు. నావన్నీ చూసి, "బాగా కష్టపడినావమ్మా" అన్నాడు. ఫోటోలు తీసేవాళ్ళకు ఇంతకంటే పెద్ద తిట్టు ఉండదు. ఆ చీర పక్కనే నేనూ నిలబడి ఉన్నాను. ఆ నీళ్ళు నా మీద కూడా పడ్డాయి.

చివరి ఏడాది ప్రాజెక్టుకు సార్ ఫోన్లూ కెమెరాలూ అన్నీ పక్కన పెట్టించాడు. చేత్తో చేసుకున్న డబ్బా కెమెరాతో, మనకు దగ్గరైన ఒక గదిని తీయాలి. బిస్కెట్ల రేకు డబ్బా లోపల నల్లరంగు పూసి, ముందు సూదిమొనంత బెజ్జం పెట్టి, వెనకవైపు లోపల ఫోటో కాగితం అతికించాలి. అద్దం లేదు, మీట లేదు. బెజ్జం మీది నల్లటేపు తీస్తే ఫోటో మొదలైనట్టు, మళ్ళీ అతికిస్తే అయిపోయినట్టు. ఇంటి లోపలి వెలుగుకైతే గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి కదిలేది ఏదీ కాగితం మీద పడదు. గదిలో పెళ్ళిజనం తిరిగినా ఖాళీ గదే వస్తుంది. కదలకుండా ఉన్నదే పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను వారం వారం ఇంటికి పోయి అవ్వ మూలను తీశాను. అవ్వ పోయినప్పటి నుంచి కండెలు పక్కవీధిలో మోటారు మీద చుట్టిస్తున్నారు. రాట్నం మాత్రం ఆ మూలలోనే ఉంది, అమ్మ తీయనివ్వలేదు. టేపు తీసి నేను డబ్బా వెనకే కాపలా నిలబడేదాన్ని. అమ్మ నీళ్ళ బిందె తెచ్చినా వాకిట్లోనే ఆపేసేదాన్ని. వచ్చిన బొమ్మల్లో గోడ ఉంది, కిటికీ ఉంది, రాట్నం ఉంది. అవ్వ మాత్రం గుర్తుకు రాలేదు. సార్ వాటిని చూసి, ఖాళీ చేసిపోయిన ఇల్లు మాదిరి ఉందన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. మాది ఖాళీ చేసిపోయిన ఇల్లు కాదు.

ప్రణతి కర్నూల్లో వాళ్ళ ఇల్లు తీసుకొచ్చింది. కొత్త ఇల్లు, మెరిసే బండలు. ఫర్నిచర్ అంగడిలా ఉందని ఆమే నవ్వింది. నవ్వి, మీ ఇంటికి వస్తాను, మీ మగ్గం చూపించు అని అడిగింది. వద్దని చెప్పాలని నోటి దాకా వచ్చింది. కానీ నువ్వుల ఉండలు తిన్న నోరు కదా, రమ్మంది.

ఆ ఆదివారం మా ఇంట్లో ఆమెకు జరిగిన మర్యాద నేను పుట్టి బుద్ధెరిగాక నాకెప్పుడూ జరగలేదు. అమ్మ నాటుకోడి కూర వండి, రాగిసంగటి కెలికింది. నా డబ్బాను చూసి ఏం మాట్లాడని నాయన, ఆమె డబ్బాను చేతిలోకి తీసుకొని, ఇంత బెజ్జంలో నుంచి ఇల్లంతా ఎట్లా పడుతుందని అడిగాడు. ఆమెను మగ్గం గుంతలో కూర్చోబెట్టి నాడె ఆడించడం నేర్పించాడు. నేను చదివేదీ అదే చదువని ఆయనకు గుర్తుందో లేదో. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. ప్రణతి మా అమ్మను "అమ్మా" అని పిలిచింది. ఆంటీ అంటే ఏం పోయింది? అమ్మ మురిసిపోయి, "మా పాపకు గూడా రోంత నేర్పించు తల్లీ" అంది. నాకు ఒళ్ళంతా మిరపకారం పూసినట్టయింది.

మగ్గం చూస్తానని వచ్చిన మనిషి, ఇల్లంతా తిరిగి, సరిగ్గా అవ్వ మూల దగ్గర నిలబడింది. మగ్గం తియ్యి, బాగుంటుంది అని నేను చెప్పాను. మగ్గం అందరూ తీస్తారు కదా అంది. తర్వాత ఆ గోనెపట్ట వైపు చూసి, "ఈడ ఎవురు కూర్చుంటారు?" అని అడిగింది.

ఎవరూ కూర్చోరని చెప్పాను. అవ్వ సంగతి ఆమెకు ఒక్కనాడు చెప్పలేదు. అన్నీ ఆమెకే ఉన్నాయి, అవ్వ ఒక్కటే నాది. పట్టుచీర ఫ్రేము లోపలి గదిలో ఉంది, ప్రణతి ఆ గదిలోకి పోలేదు. పోయినా లాభం లేదు, అందులో ఉన్నది మా అవ్వ కాదు.

ఆమె వీధి తలుపు పక్కన ముక్కాలిపీట వేసి, దాని మీద డబ్బాను మూల వైపు తిప్పి పెట్టింది. టేపు తీసింది. తీసి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా అన్నానికి పోయింది. ఫోటో తీస్తూ తీస్తూ మధ్యలో భోజనానికి పోయే మనిషిని నేను అప్పుడే చూశాను.

ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి. వీధి తలుపు గడియ నేనే పెట్టాను. అమ్మ, నాయన, ప్రణతి ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. నేను కంచం తెచ్చుకొని వంటింటి గడపలో, ముందుగది వైపు తిరిగి కూర్చున్నాను. ముందుగదిలోకి పోవాలంటే నన్ను దాటే పోవాలి. ఎవరూ దాటలేదు. నా వెనక వాళ్ళు నవ్వుకుంటున్న మాటలు వినపడుతూనే ఉన్నాయి. నేను ఆ డబ్బాను, ఆ మూలను, మళ్ళీ డబ్బాను చూస్తూ కూర్చున్నాను. నేను గంటలు గంటలు కాపలా కాస్తే రానిది, ఈమె సంగటి తింటూ ఉంటే ఎట్లా వస్తుందో చూడాలి. రాకూడదని మొక్కుకున్నాను కూడా. కుళ్ళుకున్నవాళ్ళ కళ్ళు రెప్ప వేయవు. ఆ రోజు నా కళ్ళు అట్లాగే ఉన్నాయి.

పట్టపగలు, మండే ఎండ. కిటికీ వెలుగు నేల మీద పడి ఉంది. రాట్నం ఉంది. గోనెపట్ట ఉంది. ఇంకేమీ లేదు. ఒక చప్పుడు వినలేదు, ఒక నీడ చూడలేదు, గాలి చల్లబడలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

నేను ముద్ద ముట్టలేదు. సంగటి చల్లారి గట్టిపడింది. వెనక నుంచి అమ్మ, "ఏమ్మే, కంచం ముందర పెట్టుకోని యాడ చూస్తాండావు? తిను" అని కసిరింది. కడుపు నిండా కుళ్ళు పెట్టుకుంటే సంగటికి చోటెక్కడుంటుంది? వాళ్ళు తిని, చేతులు కడిగి, చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. ప్రణతి వచ్చి టేపు అతికించిన తర్వాతే నేను రెండు ముద్దలు మింగి లేచాను.

మర్నాడు డార్క్‌రూంలో ఎర్రదీపం కింద ఆమె ఆ కాగితాన్ని మందునీళ్ళలో వేసింది. నేను పక్కనే ఉన్నాను, ఉండకుండా ఎట్లా ఉంటాను? ముందు కిటికీ నల్లగా తేలింది. నెగటివ్ కదా, వెలుగంతా నలుపుగా, నలుపంతా వెలుగుగా వస్తుంది. తర్వాత గోడ వచ్చింది. తర్వాత రాట్నం పక్కన ఒక ఆడమనిషి వచ్చింది.

నల్లటి జుట్టు. ఆ తలకట్టు చూసి మా అమ్మే అనుకున్నాను. నా ఒళ్ళు మండిపోయింది. నా డబ్బా ముందు ఒక్కరోజు కూడా కూర్చోని అమ్మ, ఈమె కోసం గంటసేపు బొమ్మలా కూర్చుందా? గడపలో కూర్చొని నా కళ్ళతో నేనే చూశానన్న మాట ఆ క్షణం గుర్తుకు రాలేదు. నేను పెరట్లో కంచం కడుగుతుంటే మళ్ళీ తీసి ఉంటారనుకున్నాను. అంతలో గంట గడవదన్నది కూడా ఆ మంటలో తట్టలేదు.

"మా అమ్మను ఎప్పుడు కూర్చోబెట్టినావు?" అని అడిగాను.

ప్రణతి ట్రే మీదికి వంగి చూస్తూ ఉంది. "నేనెవర్నీ కూర్చోబెట్టలేదు లావణ్యా. ఒట్టు. ఎవురు ఈమె?" అంది.

నేను నమ్మలేదు. బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. గంటసేపు ఊరికే కూర్చోవడానికి తనకేం పనీపాటా లేదనుకున్నావా అని అమ్మ కోప్పడింది. మగ్గం మీద ఉన్నట్టుంది, నాడె చప్పుడు వినపడుతూనే ఉంది.

లోపలికి వచ్చేసరికి నెగటివ్ ఆరింది. ప్రణతి దాన్ని కొత్త కాగితం మీద బోర్లించి, పైన అద్దం పెట్టి, దీపం వెలిగించి ఆర్పింది. ఆ కాగితాన్ని నేనే మందులో వేశాను. ఇప్పుడు తెలుపూ నలుపూ సరిగ్గా తిరిగాయి. నెగటివ్‌లో నల్లగా ఉన్న జుట్టు తెల్లగా తేలింది. మెడ మీద చిన్న ముడి. రవిక లేని భుజం. నూలు చీర. లోపలికి పోయిన చెంప. ఎడమచెయ్యి రాట్నం పిడి మీద ఉంది.

డబ్బా బొమ్మలు మెత్తగా వస్తాయి, కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండవు. చూసేవాళ్ళకు ఎవరో ముసలామె. నాకు అంత స్పష్టత అక్కర్లేదు. "అవ్వా" అని నాకు తెలియకుండానే పిలిచాను.

"మీ అవ్వనా? ఇంట్లోనే ఉండిందా? నాకు కనపల్లేదే" అంది ప్రణతి.

"పోయి శానా రోజులాయ" అన్నాను.

అప్పుడు నాకు భయం వేసిందని మీరు అనుకుంటారు. లేదు. ఏడుపూ రాలేదు. నాకు వచ్చింది కుళ్ళు, అంతకు ముందు ఎప్పుడూ రానంత కుళ్ళు. మహానందిలో చీర పోయింది, పోనీ. సార్ మెప్పు పోయింది, పోనీ. అమ్మానాయనా కూడా ఒక పూట ఆమె వాళ్ళయ్యారు, సరే. అవ్వ కూడానా? జన్మంతా ఎవరికీ ఫోటో ఇవ్వని మనిషి, తన పేరు కూడా తెలియని పిల్లకు, అదీ సంగటి తింటూ తీస్తే, వచ్చి కూర్చుంటుందా? నేను వారం వారం ఆ మూల ముందు నిలబడి కాళ్ళు నొప్పి పుట్టించుకున్నది కనపడలేదా?

ఆలోచించదగినవన్నీ ఆలోచించాను. కాగితం కొత్త ప్యాకెట్లోది, ఇద్దరం కలిసే కత్తిరించాం. డబ్బాను ఆమె నా ముందరే చేసుకుంది. వీధి తలుపుకు గడియ ఉంది. మా వీధిలో ముసలివాళ్ళున్నారు, కానీ ఆ రాట్నం మీద ఎడమచెయ్యి వేసి కూర్చునేవాళ్ళు లేరు. ఎవరో వచ్చి కూర్చున్నా ఆమె గంట పైన కదలకుండా ఉండాలి, నేను ఆ గంట పైనా గుడ్డిదాన్నై ఉండాలి. ప్రణతి ఏదో మాయ చేసిందనుకుందామా? చేయడానికి మా అవ్వ మొహం ఆమె ఎక్కడ చూసింది? అసలు మొహం మా దగ్గరే లేదు.

సార్‌కు ఆ ఫోటో తెగ నచ్చింది. ఆ వయసు మనిషిని అంతసేపు కదలకుండా ఎట్లా కూర్చోబెట్టావని ప్రణతిని పదే పదే అడిగాడు. ఆమె తెలియదు సార్ అంది. నిజమే చెప్పింది, అణకువ అనుకున్నారు. ప్రదర్శనలో పెట్టాలంటే ముందు నన్ను అడిగింది. నువ్వు వద్దంటే పెట్టను అంది. పెట్టమన్నాను. వద్దంటే అప్పుడు కూడా ఆమే మంచిది అవుతుంది. కింద ఆమె పేరుతో అది గోడకెక్కింది. కెమెరా వైపు కాకుండా పక్కకు చూడటమే ఆ బొమ్మకు అందమని సార్ అందరికీ చెప్పాడు. నేనూ అది గమనించాను. అవ్వ చచ్చిపోయిన తర్వాత కూడా కెమెరాకు మొహం ఇవ్వలేదు, ప్రణతికి కూడా ఇవ్వలేదు అనుకున్నాను. ఆ మాత్రం ఓదార్పు నాకు మిగిలింది.

ప్రదర్శన అయిపోయాక ప్రణతి ఆ ప్రింటూ నెగటివూ రెండూ తెచ్చి నా మంచం మీద పెట్టింది, నువ్వుల ఉండలు పెట్టినట్టే. ఇవి తనవి కావని, తన దగ్గర ఉంటే నిద్ర పట్టదని చెప్పింది.

నేను ప్రింటు తీసుకొని ఇంటికి పోయాను. ఆ ఆదివారం ప్రణతి తీసిందని మాత్రం చెప్పి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ మగ్గం గుంతలో నుంచి లేవకుండానే చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకొని పైకి వచ్చి, ఫోటో పట్టుకొని ముందుగదిలోకి నడిచింది. మూల దగ్గర నిలబడి ఫోటోను చూసింది, రాట్నాన్ని చూసింది, రాట్నం దగ్గర నుంచి వంటింటి గడప వైపు చూసింది. అప్పుడు కూర్చుంది. ఏడుస్తూనే నాతో మాట్లాడింది.

"నీ దిక్కే గదే చూస్తాండేది. ఆ పొద్దు నువ్వు కంచం ముందర పెట్టుకోని ముద్ద ముట్టకుండా కూర్చున్న్యావు గదా. నువ్వు తినందే ఆమెకు చెయ్యి ఆడదు."

నేను ఆ ఫోటోను ఎన్నోసార్లు చూశాను. డార్క్‌రూంలో చూశాను, గోడ మీద చూశాను. పక్కకు చూస్తోందని చూశాను. ఆ పక్కన ఉన్నది నేనని మాత్రం చూడలేదు. ప్రణతి ఏం చేస్తుందోనని నేను ఆ గదిలోకి అంతసేపు కళ్ళప్పగించి కూర్చుంటే, అవ్వ నన్ను చూస్తూ కూర్చుంది. తినలేదని రాట్నం ఆపేసింది. ఆపింది కాబట్టి కాగితం మీద పడింది. నేను సరిగ్గా ఆమె మొహంలోకే చూస్తూ కూడా ఆమెను చూడలేదు.

ఇంకో ఆలోచన ఆ రోజు నుంచి నన్ను వదలదు. కదిలేది కాగితం మీద పడదు కదా. నేను వారం వారం తీసిన ఆ ఖాళీ మూలలన్నిటిలో ఆమె రాట్నం తిప్పుకుంటూనే ఉందేమో.

తర్వాత నేను చాలాసార్లు ప్రయత్నించాను. అదే పీట మీద డబ్బా పెట్టి, టేపు తీసి, కంచం ముందర పెట్టుకొని గడపలో తినకుండా కూర్చున్నాను. ప్రతిసారీ ఖాళీ మూలే వచ్చింది. నాకు తిండి సహించకపోవడానికీ, ఫోటో కోసం తినకపోవడానికీ తేడా అవ్వకు తెలియదా? చిన్నప్పుడు కూడా నా దొంగ కడుపునొప్పులు ఆమె దగ్గర సాగేవి కావు.

పట్టుచీర ఫ్రేమును దించేశాం. ఆ ఫోటోను ముందుగదిలో పెట్టాం. దండ వేయలేదు, వేస్తే కోప్పడుతుందని అమ్మ వద్దంది. ఇంటికి వచ్చినవాళ్ళు ఎంత బాగుంది, ఎవరు తీశారని అడుగుతారు. అమ్మ ప్రణతి పేరు చెబుతుంది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మా అవ్వ నన్ను చూస్తున్న ఫోటో ఈ లోకంలో ఒక్కటే ఉంది, దాన్ని తీసింది నేను కాదు.

కాగితం గురించి, వెలుగు గురించి నేను చదువుకున్నదేదీ ఆ ఫోటోకు సరిపోలేదు. దయ్యమని కూడా నాకు నోరు రావడం లేదు, మా అవ్వను ఆ మాట ఎట్లా అంటాను? ఇంటికి పోయినప్పుడల్లా ఆ గడపలోనే, ఆ మూల వైపు తిరిగి కూర్చొని తింటాను. ఆకలి ఉన్నా లేకపోయినా కంచం ఖాళీ చేసే లేస్తాను. పాపం, ఆమె పని ఆగిపోతుంది కదా.